ఊరు నడిచి చూద్దాం: చరిత్ర నడకలు, మ్యూజియాలపై పాఠకుల ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పాత కట్టడాలు, చిన్న మ్యూజియాలు చూడాలనుకునేవాళ్ళ నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటికి జవాబులివి. చరిత్ర నడకలు, శాసనాలు, మ్యూజియం పని తెలిసినవాళ్ళు రాశారు.

ప్రశ్న (ఉపాధ్యాయిని, గజపతినగరం): మా ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మందికి విజయనగరం కోట, గంటస్తంభం చూపించాలని ఉంది. పోయినసారి తీసుకెళ్తే తిరిగొచ్చాక ఒక్కరికీ ఏమీ గుర్తు లేదు. ఎలా నడిపించాలి?

జవాబు: నలభై మందిని ఒక్క గుంపుగా నడిపిస్తే వెనక ఇరవై మందికి మీ మాట వినపడదు. వినపడని పిల్లలు కబుర్లలో పడతారు, గుర్తు లేకపోవడానికి సగం కారణం అదే. రెండు జట్లు చేయండి. ఒక జట్టు గంటస్తంభం దగ్గర, రెండోది కోట దగ్గర మొదలుపెట్టి మధ్యలో ఎదురుపడేట్టు చూడండి. ఒక్కో జట్టుకు ముందు చెప్పేవాళ్ళు ఒకరు, చివర ఎర్ర గుడ్డ పట్టుకున్న పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. చివరివాళ్ళు వచ్చి నిలబడ్డాకే నోరు విప్పాలి. నడుస్తూ చెప్పిన మాట ముందున్న నలుగురికే చేరుతుంది.

ఆగే చోట్లు ఆరుకు మించకూడదు. ఒక్కో చోట ఏడెనిమిది నిమిషాలు చాలు. ఉదయం ఆరున్నరకు మొదలుపెడితే బజారు రద్దీ పెరిగేలోగా ముఖ్యమైనవి అయిపోతాయి. మాట్లాడేటప్పుడు ఎండ మీ మొహం మీద పడాలి, పిల్లల మొహాల మీద కాదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, కళ్ళు చికిలించుకుని నిలబడ్డ పిల్లవాడు గోడని చూడడు.

మొదట గంటస్తంభం. 1885లో కట్టారు. 68 అడుగుల ఎత్తు, ఎనిమిది పలకల కట్టడం. ఎత్తు మీరు చెప్పకండి, ముందు అంచనా కట్టమనండి. ఒక పిల్లవాణ్ణి స్తంభం పక్కన నిలబెట్టి, అలాంటి వాళ్ళు ఎంతమంది ఒకరిమీద ఒకరు నిలబడితే పైకి అందుతారో లెక్కపెట్టిస్తే దగ్గర్లోకి వస్తారు. అక్కణ్ణుంచి మూడు లాంతర్లు. ఈ కూడలికి ఆ పేరు ఒకప్పుడు అక్కడున్న మూడు దీపాల స్తంభం వల్ల వచ్చింది. పాత స్తంభాన్ని 2020లో తొలగించారు కాబట్టి ఒక పాత ఫొటో పెద్ద సైజులో అచ్చు వేయించి తీసుకెళ్ళండి. లేని దాన్ని చూపించాలంటే ఫొటో తప్ప దారి లేదు. ఊళ్ళో పేరు మిగిలి వస్తువు పోవడం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. పైడితల్లి అమ్మవారి గుడీ అక్కడే.

తర్వాత కోట. చదరపు కోట, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, నాలుగు మూలలా బురుజులు. తూర్పు వైపు పెద్ద ద్వారం నగరాఖానా. పడమటి ద్వారం చిన్నది, రాజవంశీకుల సమాధుల వైపు దారి తీస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లల అడుగు సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది కనుక ఒక వైపు గోడ వెంట నడిస్తే నాలుగు వందల అడుగులు రావాలి. లెక్కపెట్టమనండి. ఎక్కువ తక్కువలు వస్తాయి. ఎందుకు వచ్చాయో వాదించుకోనివ్వండి. రోడ్డు పక్క నడుస్తారు కాబట్టి ఇద్దరిద్దరుగా, గోడ వైపునే. కోట ప్రాంతంలోనే ఔద్‌ఖానా ఉంది. సుమారు 50 అడుగుల ఎత్తున, అంతా రాతితో కట్టిన ఎనిమిది పలకల రాజ స్నానశాల. పైన నీటి తొట్టి, ఎక్కడానికి చుట్లు తిరిగే మెట్లు. కుళాయి తిప్పితే నీళ్ళు రావాలంటే తొట్టి ఎందుకు ఎత్తున ఉండాలో సైన్సు మాస్టారు అక్కడే పాఠం చెప్పవచ్చు. మెట్లు మాత్రం ఎక్కించకండి.

కోట లోపల పూసపాటి రాజవంశీకుల విద్యా సంస్థ మాన్సాస్ ట్రస్టు కళాశాలలు నడుస్తున్నాయి కాబట్టి ఎవరు పడితే వాళ్ళు లోపలికి వెళ్ళే చోటు కాదు. స్కూలు లెటర్‌హెడ్ మీద తేదీ, వేళ, పిల్లల సంఖ్య, ఫొటోలు తీస్తారో లేదో రాసి కనీసం పది రోజుల ముందు ఇవ్వండి. అనుమతి రాకపోతే బయట గోడ, ద్వారం చూసినా నడక వృథా కాదు.

చివర గురజాడ అప్పారావు గారి ఇల్లు. పిల్లలకు ఆయన ఇక్కడే పుట్టారని చెప్పేస్తుంటారు. పుట్టింది 1862లో, యలమంచిలి దగ్గర ఎస్. రాయవరంలో. విజయనగరం ఆయన చదువుకున్న ఊరు, బతుకంతా గడిపిన ఊరు, 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించిన ఊరు. టైము మిగిలితే తరగతులు జరిగే వేళకు సంగీత కళాశాల వైపు వెళ్ళండి. 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే. గేటు బయట రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే చాలు. ఏ గదిలో ఏ వాద్యం మోగుతోందో పిల్లలే చెబుతారు.

మనిషికి అర లీటరు నీళ్ళు, బయల్దేరే ముందు మరుగుదొడ్డి. ఈ రెండూ మరిచిపోతే గంట తర్వాత చరిత్ర ఎవరికీ పట్టదు.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, విజయనగరం): మా ఊరికి అయిదు ‘విజయాలు’ కలిసిన ముహూర్తంలో శంకుస్థాపన చేశారంటారు. నిజమేనా?

జవాబు: చెప్పుకునే మాట ఇది: విజయరామరాజు పేరు, విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారం అనే మంగళవారం, విజయనగరం అనే పేరు. వీటిలో సంవత్సరాన్ని మీరే సరిచూసుకోవచ్చు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. మొన్న విజయ వచ్చింది 2013 ఉగాదికి. అయిదు చుట్లు, అంటే 300 ఏళ్ళు వెనక్కి వెళితే 1713. కోట కట్టడం మొదలైందని చెప్పే సంవత్సరం అదే. ఆ ముక్క పంచాంగానికి సరిపోయింది. వారం, తిథి మాత్రం సంప్రదాయంగా వస్తున్న మాట. నడకలో చెప్పేటప్పుడు సంవత్సరానికి ‘1713’ అనండి, మిగతాదానికి ‘అని ఊళ్ళో చెప్పుకుంటారు’ అనండి. ఈ చిన్న తేడా పాటించే గైడు మాట ఆ తర్వాత ఏది చెప్పినా నమ్మబుద్ధేస్తుంది. అన్నిటినీ ఒకే గొంతుతో చెప్పేవాళ్ళ దగ్గర ఏది రాతిలో ఉందో, ఏది నోటిమాటో తెలియక మనం తికమకపడతాం.

ప్రశ్న (పాఠకుడు, పార్వతీపురం): సిరిమానోత్సవానికి వచ్చినప్పుడే కోట, గంటస్తంభం కూడా చూసేద్దామా?

జవాబు: వద్దు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందు రోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఆ వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేరు. ఆ రోజు చూడాల్సింది సిరిమానునే. యాభై అరవై అడుగుల చింతమాను చివర పూజారి కూర్చుని పైడితల్లి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. గుడికీ కోటకీ ఉన్న సంబంధం ఏ నడకలోనూ అంత బాగా కనపడదు. కట్టడాల కోసం ఇంకో వారం రండి.

ప్రశ్న (గృహిణి, ఆమదాలవలస): శాలిహుండం వెళ్ళాలని మా అత్తగారికి ఎప్పటినుంచో కోరిక. ఆవిడకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. కొండెక్కకుండా చూడటానికి ఏమైనా ఉందా? ఎలా వెళ్ళాలి?

జవాబు: ఉంది. తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పాలను మ్యూజియంలో పెట్టారు. కొండ మీద ఇటుక కట్టడాలున్నాయి. మీ అత్తగారు మ్యూజియంలో తీరిగ్గా కూర్చుని చూడవచ్చు, మీరు ఆ లోగా కొండెక్కి రావచ్చు. మ్యూజియం తెరిచే రోజు కనుక్కోకుండా బయల్దేరకండి. పురావస్తు మ్యూజియాలకు చాలా చోట్ల శుక్రవారం సెలవు. అంత దూరం వెళ్ళి తాళం చూసి రావడం పెద్దవాళ్ళకు బాధ.

శ్రీకాకుళం నుంచి ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ఉండమనండి. అక్కడ దిగాక మరొకటి దొరుకుతుందన్న భరోసా లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. కొండ మీద నీడ తక్కువ, వేసవిలో ఇటుకలు కాలతాయి. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరిగి కట్టడాల అంచులు కనపడవు, పాముల భయం కూడా. మనిషికి లీటరు నీళ్ళు, పట్టు ఉన్న చెప్పులు. పొద్దున్నే కొండ చూసి, మ్యూజియం తెరిచే వేళకు కిందికి రావడం మేలైన వరస.

ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం పాటుపడ్డ ఆయనే. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ, కొద్ది దూరంలో కళింగపట్నం దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. బౌద్ధ విహారాన్ని ఇంత మారుమూల ఎందుకు కట్టారని అడుగుతుంటారు. కొండపైన నిలబడి నది వైపు చూస్తే ఆ ప్రశ్న మిగలదు. రేవుకూ దారికీ దగ్గర, ఊరి సందడికి దూరం.

పైన స్తూపాలు, చైత్యగృహాలు అనే బౌద్ధ ప్రార్థనా మందిరాలు ఉన్నాయి. స్తూపం పునాదిని బండి చక్రంలా, ఆకులు వేసినట్టు కట్టిన తీరు గమనించండి. మధ్యనుంచి అంచుకు ఇటుక గోడలు, వాటి మధ్య ఖాళీల్లో మట్టి నింపుడు. మొత్తం ఇటుకతోనే కట్టాల్సిన పని తప్పుతుంది, పై బరువు అన్ని వైపులకూ సమంగా పడుతుంది. ఇటుకలు మన 9 అంగుళాల ఇటుక కన్నా బాగా పెద్దవి. ఇలాంటి చోట్ల పై వరసలు పురావస్తు శాఖవాళ్ళు నీరు దిగకుండా మళ్ళీ పేర్చినవి ఉంటాయి. పాతదనం చూడాలంటే కింది వరసలు చూడాలి. వాటి మీద ఎక్కడం, కూర్చోవడం చేయకండి. ఒక ఇటుక కదిలితే వాన నీరు లోపలికి దిగి మట్టి నింపుడు ఉబ్బుతుంది. ఆ తర్వాత గోడ విచ్చుకోవడం ఒక్క వానాకాలం పని.

మ్యూజియంలో అన్నీ చూడాలనుకుంటే ఒక్కటీ గుర్తుండదు. మీ అత్తగారికి మూడు విగ్రహాలు చూపించండి. తార చేతిలో కలువ ఉంటుంది. మంజుశ్రీ విగ్రహాల్లో ఖడ్గం, పుస్తకం గుర్తులు. మారీచికి మూడు మొహాలు, వాటిలో ఒకటి వరాహ ముఖం, పీఠం మీద ఏడు వరాహాలు చెక్కడం శిల్ప సంప్రదాయం. అరసవల్లి స్వామి రథానికి ఏడు గుర్రాలని ఆవిడకు ఎటూ తెలుసు కదా. ఆ ఏడు, ఈ ఏడు పక్కపక్కన పెట్టి చెబితే చాలు, మిగతాది ఆవిడే అడుగుతారు. మారీచి కూడా వెలుగు కిరణాల దేవతే. ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి. కుర్చీ లేకపోతే మడత స్టూలు ఒకటి వెంట ఉంచుకోండి.

ప్రశ్న (పాఠకుడు, నరసన్నపేట): అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఏడాదికి రెండుసార్లే ఎందుకు? రెండుసార్లు వెళ్ళినా చూడలేకపోయాం.

జవాబు: మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలో, అక్టోబరులో 1, 2 తేదీల ప్రాంతంలో పడతాయి. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. డిసెంబరు 21 వరకు దక్షిణానికి జరుగుతూ, తర్వాత ఉత్తరానికి తిరుగుతాడు. కాబట్టి దిక్చక్రం మీద ఏ చోటునైనా పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటుతాడు. లెక్క చూడండి: అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు, డిసెంబరు 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. రెండు తేదీలకూ సూర్యుడు సరిగ్గా తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. ద్వారాల వరస ఆ గీత మీద ఉంది. గర్భగుడి లోతుకు వెలుగు చేరాలంటే సూర్యుడు బాగా కిందుగా ఉండాలి, అందుకే కొద్ది నిమిషాలే.

మీరు చూడలేకపోవడానికి కారణాలు రెండు ఉండవచ్చు. అక్టోబరు మొదటివారం మన తీరానికి మబ్బుల కాలం. మార్చి నయం. రెండోది, తెల్లారాక వెళితే వరసలో ఉండగానే అయిపోతుంది. చీకటితోనే అక్కడ ఉండాలి. మొదటి రోజు మబ్బు పడితే మర్నాడు కూడా ఉండేట్టు బస పెట్టుకోండి.

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం): మా ఊళ్ళో చూడటానికి ఏముంది, అందరూ అరసవల్లి చూసి వెళ్ళిపోతారు. పట్టణంలో కూడా నడక పెట్టవచ్చా?

జవాబు: తప్పకుండా. ఈ ఊరి పేరు మీద ఒక సర్కారే, అంటే పెద్ద పాలనా ప్రాంతమే, ఉండేది, చికాకోల్ సర్కారు. నడక నాగావళి ఒడ్డున మొదలుపెట్టాలి, ఎందుకంటే ఊరు ఇక్కడ ఉండటానికి కారణం ఆ నదే. తర్వాత జామియా మసీదు. 1641లో కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. ఆ కాలంలో ఊరిని గుల్షనాబాద్ అని కూడా పిలిచారు. నమాజు వేళలు, శుక్రవారం మధ్యాహ్నం తప్పించి వెళ్ళండి. ముందుగా పెద్దలను అడిగి, తల కప్పుకుని, చెప్పులు బయట విడిచి. డచ్చి భవనం మరో ఆగే చోటు. కళింగపట్నం రేవులో డచ్చివాళ్ళ వర్తకం సంగతి అక్కడ చెప్పాలి. గుడివీధి కోటేశ్వరుడి దగ్గర ముగించవచ్చు.

చికాకోల్ అనే పేరు ‘సిక్కా ఖోల్’, అంటే శిస్తు డబ్బు సంచులు విప్పే చోటు, అన్న మాట నుంచి వచ్చిందని చెప్పే కథ ఒకటి ఉంది. బాగుంటుంది, చెప్పండి, కథ అని చెప్పి మరీ చెప్పండి. శ్రీకాకుళం పేరును పరాయివాళ్ళు పలికిన తీరే అదని చూసినా సరిపోతుంది. జిల్లాగా ఏర్పడింది 1950 ఆగస్టు 15న అని చెబితే పిల్లలు తేదీ మరిచిపోరు.

వేసవిలో ఉదయం తొమ్మిదిలోపు ముగించాలి. మీ వయసువాళ్ళు నలుగురైదుగురు కలిసి, పాత కరణాల ఇళ్ళ దగ్గర అరుగుల మీద కూర్చుని వీధుల పాత పేర్లు రాసిపెట్టండి. బోర్డు మారితే ఆ పేర్లు మళ్ళీ దొరకవు.

ప్రశ్న (తెలుగు ఎం.ఏ. విద్యార్థిని, గార): శ్రీకూర్మం గుడి స్తంభాల మీద శాసనాలు చదవాలని ఉంది. అక్షరాలు కనపడటానికి సుద్దపొడి రుద్దమని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా?

జవాబు: రుద్దకండి. సుద్ద, బియ్యప్పిండి, కుంకుమ, నూనె, ఏదీ వద్దు. పొడి అక్షరం గాడిలో దిగి తడిని పట్టి ఉంచుతుంది. నూనె దుమ్మును పట్టి గట్టి పొర కడుతుంది. తర్వాత ఎవరో దాన్ని గీకి తీస్తారు, అక్షరం అంచు దానితో పాటు పోతుంది. శాసన శాఖవాళ్ళు తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి గాళ్ళలోకి దించి, పైన సిరా అద్ది అచ్చు తీస్తారు. అది నేర్చినవాళ్ళు, అనుమతితో చేసే పని.

మీకు కావాల్సింది ఒక టార్చిలైటు. ఎదురుగా వేస్తే అక్షరం చదునైపోతుంది. రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ప్రతి గాడికీ నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. ఒక ఫొటో ఎడమ నుంచి వెలుగుతో, ఒకటి కుడి నుంచి, ఒకటి పైనుంచి తీయండి. ఎడమ వెలుగులో కనపడని గీత కుడి వెలుగులో దొరుకుతుంది. ముందుగా దేవస్థానం అనుమతి అడగండి. ప్రతి ఫొటోకూ స్తంభం ఏ వరసలో ఎన్నోది, ఏ దిక్కు ముఖం, మొత్తం ఎన్ని పంక్తులు అన్నది పుస్తకంలో రాసుకోకపోతే ఇంటికి వెళ్ళాక ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. ఈ గుడిలో స్వామి పడమటి ముఖం. దిక్కులు గుర్తుపెట్టేటప్పుడు తారుమారయ్యేది అక్కడే, కాబట్టి చేతిలో దిక్సూచి ఉంచుకోండి.

అక్షరం కూడబలుక్కునే ముందు తేదీ వెతకండి. శక సంవత్సరం ఉంటే 78 కలపండి, జనవరి నుంచి ఉగాది లోపు మాసాలైతే 79. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనం ఇక్కడ శక 1203 నాటిది, అంటే 1281. అంకెలు మాటల్లో ఉంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు ‘గుణ వ్యోమ నేత్ర చంద్ర’ అంటే 3, 0, 2, 1, తిప్పి చదివితే 1203.

గాంగ రాజుల రాజ్యసంవత్సరాల దగ్గర చాలామంది బోల్తాపడతారు. అవి అంక సంవత్సరాలు, అంటే కొన్ని అంకెలు వదిలేసి లెక్కపెట్టే ఏళ్ళు, కావచ్చు. అంక లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసేవి ఉండవు. సున్నాతో ముగిసేవీ ఉండవు, 10 తప్ప. ‘19వ అంకం’ అని ఉంటే 1, 6, 16 తీసేయాలి, నిజానికి అది 16వ ఏడు. ఇది తెలియక లెక్క కట్టి, శక సంవత్సరంతో కుదరక, శాసనమే తప్పన్నవాళ్ళున్నారు. శాసనం తప్పు కాదు. ముఖలింగం వెళ్ళినప్పుడు కూడా ఈ లెక్క మీకు పనికొస్తుంది.

ప్రశ్న (ఇద్దరు యువకులు, బొబ్బిలి): విజయనగరం, బొబ్బిలి కలిపి చరిత్ర నడకలు నడపాలనుకుంటున్నాం. బొబ్బిలి యుద్ధం చెప్పబోతే వచ్చినవాళ్ళు రెండు పక్షాలై వాదించుకుంటున్నారు. రుసుము ఎలా పెట్టాలో కూడా చెప్పండి.

జవాబు: వాదన రావడం మంచిదే, ఇంకా జనానికి పట్టింపు ఉందని అర్థం. మీరు చేయాల్సింది మూడు రకాల మాటలను మూడుగా ఉంచడం. ఒకటి, తేదీలు, ఎవరెవరు ఉన్నారు: 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ, అతనితో పూసపాటి విజయరామరాజు, ఎదురుగా బొబ్బిలి రంగారాయుడు. కోటలోవాళ్ళు లొంగకుండా ప్రాణాలు వదిలారు. తర్వాత తాండ్ర పాపారాయుడు శిబిరంలో చొరబడి విజయరామరాజును చంపాడు. ఇందులో ఎవరికీ తగువు లేదు. ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ కూడా రాశాడు. రెండోది, జంగం కథల్లో పాడుకునే బొబ్బిలి కథ. దాన్ని పాటగా వినిపించండి, వీలైతే పాడేవాళ్ళనే తీసుకురండి. మూడోది, ఊళ్ళ నమ్మకం: పైడితల్లి విజయరామరాజు చెల్లెలని, అన్నను వారించిందని విజయనగరంలో చెబుతారు. ఆ మాటను గుడి దగ్గర భక్తితో చెప్పాలి, తేదీలతో కలిపేయకూడదు. ఎవరిది తప్పు అనే తీర్పు గైడు ఇవ్వకూడదు.

ఇంకొక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇప్పటి బొబ్బిలి కోటను చూపించి యుద్ధం ఇక్కడే జరిగిందంటారు. నాటి కోట యుద్ధంలో పోయింది. ఇప్పటిది తర్వాతి కాలానిది. యుద్ధస్తంభం దగ్గర నిలబడి చెప్పండి. విజయనగరం వైపు కథ 1757తో ఆగదని కూడా చెప్పాలి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కుంపిణీ సైన్యంతో పోరాడి చిన విజయరామరాజు చనిపోయాడు. ఈ రెండు తేదీలు కలిపి చెబితే బొబ్బిలివాళ్ళు కూడా తల వంచి వింటారు.

రెండు ఊళ్ళూ ఒకే పూటలో నడవలేరు. మధ్య ప్రయాణమే గంటకు పైబడుతుంది. శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం ఉదయం ఒకటి పెట్టండి. మనుషులు పదిహేను. మొదటి రెండు నడకలు తెలిసినవాళ్ళతో, డబ్బు తీసుకోకుండా. గడియారం పెట్టుకుని ఎక్కడ సాగదీస్తున్నారో చూసుకోండి. ఆ తర్వాత రుసుము పెట్టేటప్పుడు ముందు ఖర్చులు రాసుకోండి: నీళ్ళు, అచ్చు ఫొటోలు, పాడినవాళ్ళకు, దారి చూపిన ఊరివాళ్ళకు. ఆ మొత్తం పదిమంది వస్తేనే గిట్టేలా భాగించండి, పదిహేను మందితో కాదు. ఎందుకంటే పేరిచ్చినవాళ్ళలో కొందరు ఎప్పుడూ రారు. బొబ్బిలిలో అయితే గొల్లపల్లి వీణల తయారీదారుల ఇంటికి ముందే చెప్పి వెళ్ళండి. పనసమాను దుంగను ఎలా తొలుస్తారో చూపించినందుకు వాళ్ళ పని వేళకు తగ్గ డబ్బు ఇవ్వాలి. అది మరిచిన గుంపులకు రెండోసారి తలుపు తీయరు.

ప్రశ్న (రైతు, సరుబుజ్జిలి మండలం): పొలంలో బోరు గుంట తవ్వుతుంటే పచ్చగా తుప్పు పట్టిన రాగి బిళ్ళలు నాలుగైదు దొరికాయి. చింతపండుతో తోమితే ఏ కాలంవో తెలుస్తుందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: దయచేసి తోమకండి. ఆ పచ్చ పొరలోనే బొమ్మ, అక్షరం బతికి ఉన్నాయి. చింతపండు పులుపు పొరతో పాటు వాటినీ తినేస్తుంది. తళతళలాడే బిళ్ళ మిగులుతుంది గానీ అందులో చదవడానికి ఏమీ ఉండదు. మీ మండలంలో దంతవక్త్రుని కోట అని పిలిచే దంతపురం దిబ్బ ఉంది, ఆ చుట్టుపక్కల దొరికిన చిన్న వస్తువుకూ విలువ ఉంటుంది. ఆ విలువ డబ్బుది కాదు, అవి ఎక్కడ, ఎంత లోతులో, వేటి పక్కన దొరికాయన్న దానిది.

తవ్వడం ఆపండి. అంటుకున్న మట్టిని దులపకుండా ఒక్కో బిళ్ళను విడిగా కాగితపు పొట్లంలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో తడి ఊరి తుప్పు పెరుగుతుంది. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. గుంట లోతు, గట్టు నుంచి దూరం, పెంకులు, ఇటుక ముక్కలు ఏమైనా పడ్డాయా అన్నది అదే రోజు రాయండి. చట్టం కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికినది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తహసీల్దారు కార్యాలయం ద్వారా పంపవచ్చు. ఏమి, ఎన్ని, ఏ సర్వే నంబరులో, ఏ తేదీన దొరికాయో రాసి, అర్జీ ముట్టినట్టు సంతకం, ముద్రతో నకలు తీసుకోండి. కొనుక్కుంటామని వచ్చేవాళ్ళకు చూపించకండి, అమ్మితే నేరమవుతుంది. లేత పచ్చ పొడి రాలుతున్న బిళ్ళ ఉంటే దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టండి. ఆ పొడి తడి తగిలితే పక్కదాన్నీ తినేస్తుంది.